అంచు మీద నిలబడే నాణేలు

మాస్టారు కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, బల్లను దాని పక్కకు జరిపి, ట్యూబులైటు ఆర్పేస్తారు. రామ్‌నగర్‌లో ఆదివారం మధ్యాహ్నం. బయట ముసురు పట్టి ఉంది. మబ్బు వెలుతురు కిటికీలోంచి అడ్డంగా వచ్చి బల్ల మీద పడుతోంది.

"పైనుంచి లైటు పడితే రాజు బొమ్మ కనిపిస్తుంది. నాకు అంచు కావాలి" అంటారాయన.

బల్ల మీద తెల్లటి అక్రిలిక్ పలక ఒకటి ఉంది. దాంట్లో వరసగా గాడులు కోసి ఉన్నాయి. గాడికొక నాణెం చొప్పున నిలువుగా నిలబెట్టారు. ఎక్కడా రాజూ లేడు, దేవుడూ లేడు, అక్షరమూ లేదు. కనిపించేవన్నీ అంచులే. ఒకటి నున్నగా వాలుగా కోసినట్టుంది, ఒకటి పగుళ్లు బారింది, ఒకటి పొట్ట ఉబ్బినట్టు బయటికి వచ్చింది. ఇంకోటి నల్లటి లోహం మీద బూడిద రంగు పూతతో ముద్దలా ఉంది.

మాస్టారు ఐటీఐలో టర్నర్ ట్రేడ్ నేర్పి రిటైరయ్యారు. ఆజామాబాద్ షెడ్లలో ఇవాళ లేత్ మీద పనిచేస్తున్న వాళ్లలో ఆయన శిష్యులు చాలామందే. నాణేల పిచ్చి ఉన్నవాళ్లు మామూలుగా రాజవంశాన్ని బట్టి, లోహాన్ని బట్టి పోగు చేస్తారు. ఈయన మాత్రం మందాన్ని బట్టి పోగు చేస్తారు. మూడు మిల్లీమీటర్లకు తగ్గిన నాణేనికి ఈ పలకలో చోటు లేదు. మన జేబులో ఉండే పది రూపాయల బిళ్ల మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ లెక్కన ఇక్కడున్నవన్నీ దిమ్మలే.

"చెయ్యి పట్టండి" అని మొదటి గాడిలోది తీసి నా అరచేతిలో పెడతారు.

బరువుకి చెయ్యి ఒక్క క్షణం కిందికి దిగుతుంది. ఈజిప్టును ఏలిన గ్రీకు రాజులు టాలెమీల కంచు నాణెం ఇది. వెర్నియర్ పెట్టి చూస్తే వ్యాసం 42 మిల్లీమీటర్లు, మందం అయిదున్నర. తూకం 68 గ్రాములు. ఒక వైపు పొట్టేలు కొమ్ములు పెట్టుకున్న జూస్ అమ్మోన్ తల, రెండో వైపు పిడుగు మీద నిలబడ్డ గద్ద. గద్ద చుట్టూ 'టాలెమీ రాజుది' అని గ్రీకు అక్షరాలు. క్రీ.పూ. 3వ శతాబ్దపు నడిమి కాలంలో రెండో టాలెమీ కంచు నాణేల తీరునే మార్చేసి ఇంతింత పెద్దవి ముద్రించడం మొదలుపెట్టాడు. ఇది ఆయన కొడుకు మూడో టాలెమీ నాటిది. వీటికన్నా పెద్దవీ ఉన్నాయి, వ్యాసం అయిదు సెంటీమీటర్లకు దగ్గరగా, బరువు వంద గ్రాములకు దగ్గరగా.

"బొమ్మ తర్వాత చూద్దురు గాని, అంచు మీద వేలు పెట్టి తిప్పండి."

తిప్పాను. అంచు నిటారుగా లేదు. ఒక ముఖం కొంచెం వెడల్పు, రెండోది కొంచెం ఇరుకు. చుట్టూతా వాలు.

"దీన్ని పోతపని వాళ్లు డ్రాఫ్ట్ అంటారు. అచ్చు గోడలు నిటారుగా ఉంటే చల్లారిన బిళ్ల బయటికి రాదు. అందుకని కాస్త వాలు ఇస్తారు. రెండు వేల రెండొందల ఏళ్ల కిందటి అలెగ్జాండ్రియా పోతగాడికీ తెలుసు, ఆజామాబాద్ పోతగాడికీ తెలుసు. ఇక్కడ చూడండి, ఈ చోట అంచు తెగినట్టుంది. కరిగిన కంచు ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పారడానికి కాలువ వదులుతారు. బిళ్లలన్నీ ఒకదానికొకటి అతుక్కుని గొలుసులా వస్తాయి. తర్వాత విరగ్గొట్టి, ఒక్కోదాన్నీ ముద్రల మధ్య పెట్టి సుత్తితో కొడతారు. ఆ విరిగిన చోటే ఇది."

నాణేన్ని వెల్లకిలా పెడితే నడిమధ్యలో చిన్న గుంట. వెనక్కి తిప్పినా, సరిగ్గా అక్కడే ఇంకో గుంట. టాలెమీల పెద్ద కంచు నాణేలన్నిటికీ దాదాపు ఇలాగే ఉంటుంది. జూస్ చెంప మీద, గద్ద రొమ్ము మీద ఏ మొహమాటమూ లేకుండా గుంట పడి ఉంటుంది. ఎందుకు పడిందన్నది పండితుల మధ్య ఇంకా తెగని వాదు. మాస్టారికి మాత్రం ఇది తన పని. డ్రాయర్‌లోంచి రాగి రంగు కడ్డీ ముక్క ఒకటి తీసి పక్కన పెడతారు. దాని రెండు కొసల్లోనూ నడిమిన శంకువులా చిన్న గుంటలు.

"సెంటర్ డ్రిల్లు వేసిన గుర్తులివి. లేత్ మీద తిప్పే ముక్కను రెండు మేకుల మధ్య పట్టుకోవాలంటే అటూ ఇటూ ఇలా గుంట పెడతాం. పోత పోసిన బిళ్ల ముఖం గరుకుగా ఉంటుంది. దాని మీద ముద్ర కొడితే బొమ్మ సరిగ్గా లేవదు. మేకుల మధ్య ఇరికించి, తిప్పుతూ, ముఖాన్ని గీకి నున్న చేసి ఉంటారని నా లెక్క. ముద్ర పడ్డాక గీతలు చెరిగిపోతాయి. గుంట లోతుగా ఉంటుంది కాబట్టి అది మిగిలిపోతుంది."

ఇది ఆయన ఒక్కరి ఊహ కాదు, చాలామంది పరిశోధకులూ ఇదే వైపు మొగ్గుతారు. కానీ పుస్తకంలో చదవడం వేరు, జీవితమంతా అదే గుంట పెడుతూ వచ్చిన మనిషి తన వేలి కొసతో దాన్ని తడిమి చెబుతుంటే వినడం వేరు. నాకు ఆ గుంటలో పేరు లేని పనివాడొకడు కనిపిస్తాడు. రాజు బొమ్మ చెక్కిన వాడి కన్నా ఇతనే నాకు దగ్గరివాడు.

వంటింట్లోంచి టీ వస్తుంది. అమ్మగారు కప్పులు కిటికీ గట్టు మీద పెడతారు. బల్ల మీద పెట్టకూడదని ఆ ఇంట్లో నియమం.

తర్వాతి రెండు గాడుల దగ్గర మాస్టారు ఎక్కువసేపు ఆగరు. ఒకటి రోమన్లు ఈజిప్టును ఏలినప్పుడు అదే అలెగ్జాండ్రియాలో కొట్టిన టెట్రాడ్రాక్మ్. పేరుకు వెండి, లోపలంతా రాగే. క్రీ.శ. 3వ శతాబ్దం చివరికి వచ్చేసరికి వ్యాసం తగ్గుతూ తగ్గుతూ రెండు సెంటీమీటర్లకు చేరి మందం మాత్రం అలాగే ఉండిపోయింది. రెండోది కుషాణుల విమ కడ్‌ఫిసెస్ రాగి నాణెం, 17 గ్రాములది. నిప్పుల వేదిక దగ్గర రాజు, వెనక నంది పక్కన శివుడు. బొమ్మల కోసమైతే దీని ముందే గంట కూర్చోవచ్చు. ఇక్కడ దాని వంతు అంచు వరకే.

తక్షశిల నాణెం దగ్గర మళ్లీ ఆగుతారు. నాకు కూడా వీటన్నిటిలో ఇదంటేనే ఎక్కువ ఇష్టం. పన్నెండు గ్రాములకు కాస్త తక్కువ. ఒక ముఖం మీద ఏనుగు, అటు వైపు సింహం. సింహం నలుచదరపు గుంటలో దిగబడి ఉంది. ఆ గుంట చుట్టూ లోహం గట్టులా పైకి లేచింది.

"ఎర్రగా కాల్చి కొట్టారు. చల్లగా ఉన్న రాగి మీద కొడితే లోహం ఇంతలా పక్కలకు తప్పుకోదు. ముద్ర నాలుగు పలకలది, బిళ్ల గుండ్రటిది. సుత్తి దెబ్బకి ముద్ర కిందున్న రాగి లోపలికి పోయింది, పక్కనున్నది పైకొచ్చింది. ఈ గట్టు ఎత్తు చూసి ఆ దెబ్బ బలమెంతో చెప్పొచ్చు. బిళ్ల పల్చగా ఉండుంటే ఆ దెబ్బకి చీలిపోయేది."

నాణేలు ఇంత మందంగా ఎందుకు చేశారన్న ప్రశ్న అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా డ్రాయర్‌లోంచి గుడ్డలో చుట్టిన గుండ్రటి కంచు దిమ్మ తీసి, రెండు చేతులతో నా ముందు పెడతారు. ఆరున్నర సెంటీమీటర్ల వ్యాసం, దగ్గర దగ్గర పది మిల్లీమీటర్ల మందం. బొమ్మ లేదు. లేత్ మీద తిప్పిన గీతలు మెరుస్తున్నాయి.

"ఇది నాణెం కాదు, నేను తయారు చేసుకున్నది. రోమన్ల పాత 'ఆస్' కొనే తాహతు నాకు లేదు. దాని కొలతలు చూసి, అదే బరువుకు కడ్డీని తిప్పాను. తూకం వెయ్యండి."

పావు కిలో దాటింది. 270 గ్రాములు. రోమ్‌లో క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఒక ఆస్ అంటే ఒక రోమన్ పౌను కంచు, ఇంచుమించు 324 గ్రాములు. ఆ తర్వాత రెండు ముఖాల జేనస్ దేవుడు ఒక వైపు, ఓడ ముక్కు ఒక వైపు ఉన్న ఆస్‌లు వచ్చే నాటికి అది 270 గ్రాములకు దగ్గరగా దిగింది. వాటిని సుత్తితో కొట్టడం కుదరదు కాబట్టి పోత పోశారు. చదువు రానివాడికి కూడా విలువ తెలియడానికి ఆస్ మీద ఒక నిలువు గీత, అందులో పన్నెండో వంతు మీద ఒక చుక్క, ఆరో వంతు మీద రెండు చుక్కలు, ఇలా గుర్తులు పెట్టారు.

చేతిలో ఆ దిమ్మ పట్టుకున్నాక నా ప్రశ్నకు జవాబు అడగక్కర్లేదు. నాణెం విలువ దాని లోహంలోనే ఉండాలని జనం పట్టుబట్టిన చోట రాగి, కంచు బరువుగానే ఉండాలి. వెండి చిటికెడు ఉన్నా చాలు, రాగైతే గుప్పెడు కావాలి. ఆ బరువును వెడల్పులో చూపిస్తే పళ్లెం అవుతుంది, మందంలో చూపిస్తే దిమ్మ అవుతుంది. క్రీ.పూ. 218లో హనిబాల్ ఇటలీ మీదికి వచ్చాక రోమ్‌కి కంచు చాలలేదు. ఆస్ బరువు సగమైంది, మళ్లీ తగ్గింది. క్రీ.పూ. 211 ప్రాంతంలో డినారియస్ అనే వెండి నాణెం వచ్చేసరికి ఆస్ సుత్తితో కొట్టగలిగినంత చిన్నదైపోయింది. యుద్ధం ఖర్చెంతో ఆ నాణేల మందమే చెబుతుంది.

"ఇక మనవాటి దగ్గరికొద్దాం" అంటూ మాస్టారు కుర్చీ సర్దుకుంటారు.

ఒక నాణెం మీద చిన్న అయస్కాంతం పెడతారు. టక్కున అతుక్కుంటుంది. రాగి నాణేనికి అయస్కాంతం ఎలా అతుక్కుంది? అంచు దగ్గర భూతద్దం పెట్టి చూడమంటారు. పైన ఆకుపచ్చ చిలుము. ఒక చోట ఆ పొర పగిలింది. పగులులోంచి ఎర్రటి ఇనుప తుప్పు. ఇది విష్ణుకుండిన రాజులది. ఇనుము మీద రాగి పూత పూసి నాణెం చేశారు. ఒక వైపు పంజా ఎత్తిన సింహం, ఇంకో వైపు రెండు దీపపు సెమ్మెల మధ్య కుండ. మన హైదరాబాద్ పక్కనే ఉన్న కీసరగుట్ట తవ్వకాల్లో ఆ రాజుల కాలపు అవశేషాలు బయటపడ్డాయి. రెండు ముఖాలు మాత్రమే చూసే వాళ్లకు ఇది రాగి నాణెమే. లోపల ఏముందో చెప్పింది అంచు.

చివరి గాడిలో శాతవాహనుల సీసపు బిళ్ల. బంగారం, వెండి కోసం ప్రపంచం కొట్టుకుంటుంటే దక్కన్ రాజులు సీసంతో రాజ్యం నడిపారు. వెండి మీద తమ ముఖాలు వేసుకున్న గౌతమీపుత్ర శాతకర్ణి, వాశిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి కూడా రోజువారీ సంతకు సీసమే వాడారు. తూర్పు తీరంలో రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ వేసింది కూడా సీసం మీదే. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు. మెత్తగా ఉంటుంది కాబట్టి పల్చగా చేస్తే సంచిలోనే వంగిపోతుంది. అందుకని దళసరిగా చేయాల్సిందే.

మాస్టారు ఆ బిళ్లను తీసే లోపు గేటు చప్పుడవుతుంది.

గొడుగు మడుస్తూ ఒక కుర్రాడు లోపలికొస్తాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. మాస్టారి దగ్గర చదివిన ఒకతని తమ్ముడట. గోదావరి ఒడ్డున, వెల్గటూరు వైపు ఊరు. తడిసిన చొక్కా జేబులోంచి చేతిరుమాలు తీసి, ముడి విప్పి, బల్ల మీద పెడతాడు.

"మా చేన్ల దొరికింది సార్. బాపు ట్రాక్టర్ తోని దున్నిపిస్తుంటె చాళ్లల్ల లేసింది. ఇంట్ల ఇంకో రెండున్నయి."

నల్లటి ముద్ద. మట్టి ఇంకా పట్టుకుని ఉంది.

"తోమావా?"

"లే సార్. అమ్మ చింతపండుతోని తోముత అన్నది. నేనే వద్దన్న."

మాస్టారు గట్టిగా ఊపిరి వదులుతారు. "అమ్మకి నా తరపున దండం పెట్టి చెప్పు, ఎప్పుడూ తోమొద్దని. రాగి బిందెకు చింతపండు మంచిదే. నాణేనికి మాత్రం విషం. సీసం మీద పులుపు తగిలితే తెల్లటి పొడిలా రాలిపోతుంది. చెక్క బీరువాలో పెట్టినా, అట్టపెట్టెలో పెట్టినా అంతే, వాటిలోంచి వచ్చే పులుపు గాలికే సీసం చెడిపోతుంది. అందుకే నేను అక్రిలిక్ పలక చేయించుకున్నాను."

ఆ మాటలంటూనే ఆయన చేతులు పని మొదలుపెట్టాయి. వెర్నియర్ దవడల మధ్య బిళ్లను పెట్టి మూడు చోట్ల చదువుతారు. 3.6, 4.1, 3.9. వ్యాసం 21. తూకం 14.36 గ్రాములు. నేను నోటుబుక్కులో రాస్తుంటాను. తర్వాత ఎలక్ట్రానిక్ తూకం మీద గాజు గ్లాసులో నీళ్లు పెట్టి, అంకెను సున్నాకు తెస్తారు. కుట్టుదారంతో బిళ్లను కట్టి, గ్లాసు అడుగుకు తగలకుండా నీళ్లలో వేలాడదీస్తారు. గదిలో ఎవరమూ మాట్లాడం. అంకె ఆడి, ఆడి, 1.30 దగ్గర నిలుస్తుంది.

"భాగించు" అంటారు కుర్రాడితో.

వాడు ఫోన్ తీసి లెక్క వేస్తాడు. "పదకొండు పాయింట్ సున్నా నాలుగు సార్."

"స్వచ్ఛమైన సీసం 11.34. పైనున్న మట్టి, తుప్పు పోగా ఇది సీసమే."

అది తేలాక డ్రాయర్‌లోంచి ఇంకో బిళ్ల తీసి పక్కన పెడతారు. చూడ్డానికి రెండూ అన్నదమ్ములే. ఏనుగు ఉంది, అక్షరాలు ఉన్నాయి, మందమూ ఉంది. అదే పరీక్ష చేస్తే లెక్క ఏడు కాస్త దాటి ఆగిపోతుంది. తగరం దగ్గరి అంకె అది. దీని అంచు మీద వేలు పెట్టి తిప్పితే ఒక చోట సన్నటి గీత తగులుతుంది. రెండు పలకల అచ్చులో పోత పోస్తే పలకలు కలిసే చోట గీత పడుతుంది. దాన్ని ఆకురాయితో అరగదీశారు గానీ పూర్తిగా పోలేదు. ఈమధ్య పోసిన దొంగ నాణెం.

ఇక కుర్రాడి బిళ్ల అంచు. గీత లేదు. చుట్టూ సన్నటి పగుళ్లు బయటి నుంచి లోపలికి దిగాయి, సరిగ్గా తడవని పిండితో అరిసె తట్టినప్పుడు అంచు విచ్చుకున్నట్టు. సుత్తి దెబ్బకి సీసం పక్కలకు పారినప్పుడు పడ్డ పగుళ్లు. వాటి లోపల కూడా బూడిద రంగు పూత నిండి ఉంది. కొత్తగా చేసిన పగులైతే లోపల మెరుపు కనిపించేది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ముఖం చూస్తారు. తొండం ఎత్తిన ఏనుగు, వీపు దగ్గర అరిగింది. పైన అక్షరాల తలలు రెండు మాత్రం మిగిలాయి. వెనక వైపు కూడిక గుర్తులా గీసి నాలుగు కొసలకూ నాలుగు సున్నాలు పెట్టిన ఉజ్జయినీ చిహ్నం. శాతవాహనులది. ఆ మాట చెబుతున్నప్పుడు మాస్టారి గొంతు మారింది.

"కరీంనగర్ల ఒకాయన అయిదు వేలిస్త అన్నడు సార్. మీరు తీస్కుంటె మీకే ఇస్త."

ఈ బల్ల దగ్గర ఇలాంటి అవకాశం కోసం ఎదురు చూడని నాణేల ప్రేమికుడు ఉండడు. మందం ఉంది, పగుళ్లు ఉన్నాయి, చేను మట్టి ఉంది. మాస్టారు దాన్ని అరచేతిలో కాసేపు ఉంచుకుంటారు. తర్వాత జిప్పు ఉన్న చిన్న పాలిథీన్ కవర్లో వేసి, మూసి, కుర్రాడి ముందుకు జరుపుతారు.

"నేను కొనను. ఆయనకీ అమ్మకు."

నోటుబుక్కు తీసి వాడికి చూపిస్తారు. ఆయన దస్తూరి. పేజీకి ఒక నాణెం. బరువు, వ్యాసం, మూడు చోట్ల మందం, అంచు తీరు. చివర ఒక గడి, 'దొరికిన చోటు' అని. పేజీలు తిప్పుతూ పోతే ఆ గడి ప్రతిచోటా ఖాళీగానే ఉంది. లైసెన్సు ఉన్న వ్యాపారుల దగ్గర బిల్లుతో కొన్నవే అన్నీ. వాళ్ల చేతికొచ్చే లోపే ఊరి పేరు పోయింది.

"దీనికి ఊరు తెలుసు. చేను తెలుసు. ఏ వైపు చాలులో లేచిందో మీ బాపు చెయ్యి పెట్టి చూపిస్తాడు. నా దగ్గరికొస్తే ఇది మందమైన సీసపు బిళ్ల. మీ చేనులో ఉంటే ఇది చరిత్ర."

తర్వాత ఆయన చెప్పింది ఆ కుర్రాడికి తెలిసిన చోటు కథే. పెద్దవాగు గోదావరిలో కలిసే దగ్గర కోటిలింగాల. ఆ దిబ్బ మీద వానకి బయటపడ్డ నాణేలను ధర్మపురి ప్రాంతపు తెలుగు పండితుడొకరు ఏరి, జాగ్రత్త చేసి, పరబ్రహ్మశాస్త్రి గారి లాంటి శాసన పరిశోధకులకు చేరవేశారు. గోభద, నారన, కంవాయ, సమగోప. పురాణాల్లో కనపడని ఈ రాజుల పేర్లు మనకు తెలిసింది ఆ బిళ్లల వల్లే. శాతవాహన వంశానికి మొదటివాడైన ఛిముకుడి నాణేలూ అక్కడ దొరికాయి. శాతవాహనులు మొదట ఎక్కడివాళ్లన్న వాదంలో తెలంగాణ పేరు గట్టిగా వినిపించడానికి కారణం అవి దొరికిన చోటు తెలియడమే. వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. ఆ తర్వాత ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు ఆ దరికి వచ్చాయి. ఇప్పుడు ఆ ఒడ్డున చేలల్లో లేచే ప్రతి బిళ్లకూ విలువ అందుకే పెరిగింది.

"మరేం జెయ్యాలె సార్?"

"తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి, కలెక్టర్ గారికి రాతపూర్వకంగా తెలియజెయ్యండి. 1878 నాటి నిక్షేపాల చట్టం అదే చెబుతుంది. నేలలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే చాలు, చెప్పి తీరాలి. భయపడాల్సిన పని లేదు. చెప్పకుండా దాచుకోవడం, అమ్ముకోవడం తప్పు. పురావస్తు శాఖకూ ఒక కాపీ పంపు. ఉత్తరం నేను రాసిస్తాను, సంతకం మీ బాపుది."

అమ్మగారు వాడికి టీ తెస్తారు. వాడు చేతులు కడుక్కుని రావాలని మాస్టారు పట్టుబడతారు. సీసం ముట్టుకున్న చేత్తో ఏమీ తినకూడదు, ఇది కూడా ఆ ఇంటి నియమమే. ఆ లోపల ఆయన ఉత్తరం మొదలుపెట్టి సర్వే నంబరు దగ్గర ఆగుతారు. వాడు వాళ్ల నాన్నకి ఫోన్ చేసి అడుగుతాడు. అవతల పెద్దాయన గొంతు గట్టిగా వినిపిస్తోంది, నంబరుతో పాటు మోటబావి, తుమ్మచెట్టు, హద్దురాయి అన్నీ చెబుతున్నాడు. మాస్టారు ఒక్క ముక్క వదలకుండా రాసుకుంటారు. ఆ నోటుబుక్కులో మొదటిసారిగా చివరి గడి నిండుతోంది, ఆయన సొంతం కాని నాణేనికి.

అంత చేశాక బిళ్లకు ఫోటోలు తీస్తారు. ముందు వైపు, వెనక వైపు, ఆ తర్వాత గాడిలో నిలబెట్టి అంచు చుట్టూ నాలుగు. పక్కన స్కేలు. మ్యూజియం కేటలాగుల్లోనూ, వేలం పుస్తకాల్లోనూ మామూలుగా రెండు ముఖాలే వేస్తారు. అంచు వెయ్యరు. నా ఉద్దేశంలో ఇది చాలా పెద్ద లోటు. పోత కాలువ, డ్రాఫ్ట్, పగులు, ఇనుప తుప్పు, దొంగ గీత, ఈ సాయంత్రం మేం చదివినవన్నీ ఆ మూడో వైపున ఉన్నవే. దళసరి నాణేల మీద మాస్టారికున్న మక్కువకి కారణమూ అదే. పల్చటి నాణెం అంచు మీద రాత పట్టదు.

వాన తగ్గింది. కుర్రాడు కవరును చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ఉత్తరాన్ని మడత పడకుండా నా దగ్గరున్న ఫైల్లో పెట్టించుకుని, ఇమ్లీబన్‌లో బస్సు పట్టుకోవడానికి బయల్దేరాడు. ఇంట్లో ఉన్న మిగతా రెంటినీ విడివిడి కవర్లలో వెయ్యమని మాస్టారు గేటు దాకా వెళ్లి మరీ చెప్పారు.

నాణేలు పోగుచేసే మిత్రులకు ఒక విన్నపం. మీ దగ్గరున్న ప్రతి పాత నాణేనికీ అంచు ఫోటో కూడా తీసి పెట్టండి, మందం మూడు చోట్ల కొలిచి రాయండి. సీసం ఉంటే చెక్కలోంచి, అట్టలోంచి ఇవాళే తీసేయండి. గోదావరి, కృష్ణ, మంజీర ఒడ్డున పొలం ఉన్నవాళ్లకు ఇంకొక మాట. నాగలికి బరువైన బిళ్ల తగిలితే తోమకండి, కరిగించకండి, కంసాలికి ఇవ్వకండి. ఏ చాలులో లేచిందో గుర్తు పెట్టి, ఆ వారంలోనే మీ తహసీల్దారుకు చెప్పండి.